క్విటో పాత నగరం చూడబోయేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈక్వడార్ రాజధాని క్విటోకు బయలుదేరే ముందు తెలుగు యాత్రికులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. స్థానికులు సెంట్రో ఇస్టోరికో అని పిలిచే పాత నగరానికే ఇందులో పెద్దపీట వేశాము. దేశంలోని మిగిలిన ప్రాంతాల ప్రస్తావన అవసరమైన మేరకే వస్తుంది.

క్విటోను ప్రత్యేకంగా చూడాలా, గలాపగోస్ దీవులకు వెళ్ళే దారిలో ఒక రాత్రి ఆగితే చాలదా?

చాలామంది ఒక్క రాత్రే ఆగుతారు. అలా ఆగినవారికి దక్కేది హోటల్ గదిలో తలనొప్పి, మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ విమానాశ్రయానికి ప్రయాణం, అంతే. పాత నగరానికే మూడు పూర్తి రోజులు, భూమధ్యరేఖకూ కేబుల్ కారుకూ కలిపి మరొక రోజు కేటాయించమని నా సలహా. యునెస్కో 1978లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తొలి జాబితా ప్రకటించినప్పుడు అందులో ఉన్నవి పన్నెండే. వాటిలో గలాపగోస్‌తో పాటు క్విటో కూడా ఉంది. దీవుల కోసం ఇంత దూరం వచ్చినవారు అదే జాబితాలోని రెండో ప్రదేశాన్ని రాత్రి చీకట్లో దాటిపోవడం న్యాయం కాదు. పైగా ఇది గాజుపెట్టెలో పెట్టి కాపాడుతున్న ఊరు కాదు. నాలుగు వందల ఏళ్ళ నాటి మఠం గోడ పక్కనే మిక్సీ మరమ్మతు దుకాణం, దాని పక్కన పెళ్ళి దుస్తుల కొట్టు, ఎదురుగా బడి వదిలాక అరుచుకుంటూ వచ్చే పిల్లలు కనిపిస్తారు.

స్పెయిన్‌వారు రాకముందు ఏలిన ఇంకా జాతివారి సామ్రాజ్యపు కట్టడాలు ఇక్కడ ఏమైనా మిగిలాయా?

పాత నగరంలో కంటికి కనిపించేవి దాదాపు లేవు. స్పెయిన్ సైన్యాలు వస్తున్నాయని తెలిసి, ఇంకాల సేనాని రూమిన్యావి నగరం శత్రువుల చేతికి దక్కకూడదని దానికి నిప్పు పెట్టించాడు. ఆ బూడిద మీదే సెబాస్టియన్ దె బెనాల్కాసర్ 1534 డిసెంబరు 6న స్పానిష్ నగరాన్ని నెలకొల్పాడు. ఇంకాల కట్టడాలే చూడాలనుకునేవారు పెరూ దేశంలోని కుస్కోకు వెళ్ళాలి. అయితే ఇంకాలకు ముందు ఈ నేలమీద బతికినవారి మట్టిబొమ్మలు, రాతి శిల్పాలు చూడాలంటే పాత నగరంలోని కాసా దెల్ అలబాదో మ్యూజియం చాలా బాగుంటుంది. పెద్దది కాదు, రెండు గంటల్లో తీరిగ్గా చూడవచ్చు.

ఎత్తు వల్ల ఇబ్బంది ఎంతవరకు ఉంటుంది?

క్విటో సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. ఊటీ కంటే దాదాపు ఆరు వందల మీటర్లు ఎక్కువ. హైదరాబాదు, విజయవాడల నుంచి కానీ, అమెరికాలోని మైదాన నగరాల నుంచి కానీ నేరుగా విమానంలో దిగినవారికి మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం, ఆకలి మందగించడం సాధారణమే. స్థానికులు దీన్ని సొరోచే అంటారు. మొదటి రోజు భోజనం తేలికగా ఉంచుకోవడం, నీళ్ళు తరచుగా తాగడం, మద్యం మానుకోవడం, ఏ కొండా ఎక్కకపోవడం వల్ల చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఎత్తు ఇబ్బందికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడాలా వద్దా అన్నది బయలుదేరకముందే మీ వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దలను తీసుకువెళ్ళేవారికి ఈ సంప్రదింపు తప్పనిసరి. విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, తడబడే నడక, మతి స్థిమితం లేని మాటలు కనిపిస్తే మర్నాటి వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏ నెలల్లో వెళ్ళడం మంచిది? ఏ బట్టలు తీసుకువెళ్ళాలి?

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు తక్కువ. మిగిలిన నెలల్లో ఉదయం ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక వాన కురవడం పరిపాటి కాబట్టి, బయట చూడవలసినవి ఉదయమే ముగించుకుని మధ్యాహ్నాలను చర్చిలకూ మ్యూజియాలకూ ఉంచుకుంటే ఏ నెలలో వెళ్ళినా నష్టం ఉండదు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్నందున వేసవి, చలికాలం అనే తేడా లేదు. ఏడాది పొడవునా ఆరింటి ప్రాంతంలో తెల్లవారి, ఆరు దాటగానే చీకటి పడుతుంది. పగలు ఇరవై డిగ్రీల దాకా వెళ్ళే ఉష్ణోగ్రత రాత్రికి పది డిగ్రీలకు దిగుతుంది. స్వెట్టరు, వానకోటు, టోపీ ఒకే సంచిలో ఉండాలి. గాలి చల్లగా ఉండడం చూసి ఎండను తక్కువ అంచనా వేయకండి. ఇంత ఎత్తులో అరగంటలోనే చర్మం కమిలిపోతుంది.

వీసా, టీకాల సంగతి ఏమిటి?

భారత పాస్‌పోర్టు ఉన్నవారు 2019 నుంచి ముందుగా వీసా తీసుకోవాలి. ఈక్వడార్ రాయబార కార్యాలయం ఢిల్లీలో ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు పర్యాటకులుగా 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడే పొరబడుతుంటాయి: పిల్లలకూ తమకూ వీసా అక్కర్లేదని అందరికీ టికెట్లు కొనేసి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలవి భారత పాస్‌పోర్టులన్న సంగతి ఆలస్యంగా గుర్తు తెచ్చుకుంటారు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం ప్రకటనలు చూసుకోవాలి.

భారతదేశం నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. ఐరోపాలో కొన్ని దేశాలు విమానాశ్రయం దాటకపోయినా భారతీయులను ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. అందుకని చవక టికెట్ కంటే మార్గమే ముందు చూసుకోవాలి.

ఎల్లో ఫీవర్ టీకా గురించి మరికాస్త చెప్పాలి. క్విటో నగరం ఎత్తులో ఉన్నందున అక్కడ ఈ జ్వరం భయం లేదు. అమెజాన్ అడవుల వైపు వెళితే ఉంది. అయితే ఈక్వడార్ నుంచి భారతదేశానికి తిరిగి వచ్చేవారు టీకా ధ్రువపత్రం చూపకపోతే ఇక్కడి విమానాశ్రయ ఆరోగ్యాధికారులు ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది, ఆపైన జీవితాంతం పనికివస్తుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు.

విమానాశ్రయం నుంచి నగరానికి ఎలా చేరాలి? నగరంలో ఎలా తిరగాలి?

మారిస్కల్ సూక్రె విమానాశ్రయం 2013లో నగరం నడిబొడ్డు నుంచి దూరంగా తబబేలా పీఠభూమికి మారింది. పాత నగరానికి టాక్సీలో సుమారు గంట పడుతుంది. 25 డాలర్ల పైచిలుకు అవుతుంది. నగరంలో 2023 డిసెంబరు నుంచి నడుస్తున్న మెట్రో రైలు యాత్రికులకు గొప్ప వరం. దక్షిణాన కితుంబే నుంచి ఉత్తరాన ఎల్ లాబ్రదోర్ వరకు 22 కిలోమీటర్ల మార్గం, 15 స్టేషన్లు, టికెట్ 45 సెంట్లు. శాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్‌లో దిగి మెట్లెక్కితే నేరుగా అదే పేరుగల చర్చి ముందున్న రాళ్ళు పరచిన మైదానంలో తేలుతారు. పాత నగరం లోపల నడకే మార్గం. దూరాలు తక్కువైనా వీధులు ఒకదాని వెంట ఒకటి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి కాబట్టి పటంలో ఐదు నిమిషాలని చూపినచోట పదిహేను నిమిషాలు వేసుకోండి.

ఇన్ని చర్చిలున్నాయి, వాటిలో తప్పక చూడవలసినవి ఏవి?

మూడు చెబుతాను. వీటిని ఒకే పూటలో ముగించాలని మాత్రం చూడకండి.

మొదటిది లా కొంపానియా దె హెసూస్. జెసూట్ సన్యాసులు 1605లో మొదలుపెట్టిన ఈ చర్చి 1765లో పూర్తయింది. నూట అరవై ఏళ్ళు కట్టి రెండేళ్ళు కూడా అనుభవించకముందే, 1767లో స్పెయిన్ రాజు జెసూట్లందరినీ తన సామ్రాజ్యం నుంచి వెళ్ళగొట్టాడు. బయట అగ్నిపర్వత శిలలో మలచిన మెలికల స్తంభాలు; లోపల నేల వదిలి మిగతా చోటల్లా బంగారు రేకు తాపడం. కళ్ళు కాస్త కుదురుకున్నాక గోడల మీది జ్యామితి అల్లికలు గమనించండి: ఒకప్పుడు స్పెయిన్‌ను ఏలిన ముస్లింల (మూర్ల) కళ నుంచి స్పెయిన్ నేర్చుకున్న ఆ నమూనాలను ఇక్కడ ఆండీస్ పనివారి చేతులు చెక్కాయి. ద్వారం దగ్గర వేలాడే నరకం చిత్రాన్ని వదలకండి. ప్రతి పాపికీ వాడి పాపమేమిటో పక్కనే రాసిపెట్టారు. పదిహేడో శతాబ్దపు మూలచిత్రానికి ఇప్పుడు కనిపించేది పంతొమ్మిదో శతాబ్దపు నకలు.

రెండవది శాన్ ఫ్రాన్సిస్కో చర్చి, మఠం. నగరం పుట్టిన కొద్దికాలానికే మొదలైన ఈ కట్టడం వెనుక ఫ్లాండర్స్ నుంచి వచ్చిన హొదోకో రికే అనే సన్యాసి ఉన్నాడు. ఈ ప్రాంతంలో మొదటిసారి గోధుమ విత్తినది కూడా ఆయనే అని చెబుతారు. ప్రధాన పీఠం మీద చిన్న బొమ్మ ఒకటుంది, దూరం నుంచి చూస్తే తప్పిపోతుంది. 1734లో బెర్నార్దో దె లెగార్దా చెక్కిన క్విటో కన్యమరియ అది. సాధారణంగా నిశ్చలంగా నిలబడే మరియమ్మ ఇక్కడ రెక్కలు విప్పి, నడుము వంచి, ఒక చేతిని ఎత్తి, కాలి కింది పామును అణచుతూ నాట్యం చేస్తున్నట్టు ఉంటుంది. క్విటో శైలి అని పేరుపొందిన ఈ శిల్పకళలో స్థానిక జాతులవారు, మిశ్రమ సంతతివారే ముందు నిలిచారు. కాస్పికారాగా ప్రసిద్ధుడైన మాన్వెల్ చిలి వారిలో ఒకడు. కొయ్య మీద రంగు వేశాక గొర్రె మూత్రాశయంతో రుద్ది రుద్ది మెరుగుపెట్టేవారు. ఆ బుగ్గల మీద ఇప్పటికీ కనిపించే తడి మెరుపు దానివల్ల వచ్చిందే.

ఈ చర్చి ముంగిలి గురించిన కంతూన్యా కథ క్విటోలో పిల్లలందరికీ తెలుసు. గడువులోగా ముంగిలి కట్టలేక కంతూన్యా అనే మేస్త్రీ తన ఆత్మను తాకట్టు పెట్టి సైతానుతో ఒప్పందం చేసుకున్నాడు; తెల్లవారేసరికి పని ముగిసింది, ఒక్క రాయి తప్ప. పని పూర్తికాలేదు కనుక ఒప్పందం చెల్లదని ఆత్మను దక్కించుకున్నాడు. ఆ లేని రాయి ఎక్కడుందో చూపిస్తామని గైడ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క చోటు చూపిస్తారు.

మూడవది బసిలికా దెల్ వోతో నసియొనాల్. ఇది పాతది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైంది, 1985లో పోప్ జాన్‌పాల్ 2 ఆశీర్వదించారు. వాననీరు చిమ్మే తూముల చోట ఐరోపా చర్చిలలో వికృత భూతాలుంటే, ఇక్కడ ఈక్వడార్ జంతువులు ఉన్నాయి: ఇగ్వానాలు, తాబేళ్ళు, కోతులు, ఒంటిమీద పెంకులుండే ఆర్మడిల్లోలు. కప్పు కింది చెక్కవంతెన దాటి, నిటారుగా నిలబెట్టిన ఇనుప నిచ్చెనలెక్కి శిఖరం దాకా వెళ్ళవచ్చు. ఎత్తంటే భయపడేవారికీ చిన్నపిల్లలకూ ఆ నిచ్చెనలు వద్దు. గడియారాల గోపురాల దగ్గర ఆగినా పాత నగరమంతా కనిపిస్తుంది.

చర్చిల్లో పాటించవలసిన మర్యాదలు ఏమిటి?

చెప్పులు విడవనక్కరలేదు, టోపీ తీయాలి. ప్రార్థన జరుగుతుండగా అటూ ఇటూ తిరగకూడదు. ఫోటోలు కొన్నిచోట్ల నిషిద్ధం, ఫ్లాష్ ఎక్కడా వాడవద్దు. పెద్ద చర్చిల్లో విదేశీయులకు కొద్ది డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది.

ప్లాజా గ్రాండేలో ఏముంది?

ఈక్వడార్ చరిత్ర సగం ఈ చౌకం చుట్టూనే జరిగింది. ఒకవైపు దేశాధ్యక్షుని కార్యాలయమైన కారొందెలెత్ భవనం. దాని ముందరే 1875 ఆగస్టు 6న అధ్యక్షుడు గాబ్రియెల్ గార్సియా మొరేనోను కత్తులతో నరికి చంపారు. మరొకవైపు ప్రధాన చర్చిలో, 1822 మే 24న పిచించా యుద్ధం గెలిచి నగరాన్ని స్పెయిన్ నుంచి విడిపించిన సేనాని సూక్రె సమాధి ఉంది. నడుమ నిలిచిన స్తంభం 1809 ఆగస్టు 10న తొలిసారి స్వపరిపాలన ప్రకటించినవారి స్మారకం. వారిలో చాలామందిని మరుసటి ఏడాది ఆగస్టు 2న జైలులోనే ఊచకోత కోశారు. ఆ పాత సైనిక నివాసం చౌకానికి దగ్గర్లోనే ఉంది. లోపల మైనపు బొమ్మలతో ఆ ఘట్టాన్ని చూపించారు, పిల్లలు జడుసుకునేంత నిజంగా ఉంటుంది.

ఇవన్నీ చూశాక ఒక గంట బల్లమీద కూర్చోండి. బూట్లు తుడిచే కుర్రవాళ్ళు, పత్రిక చదువుతూ రాజకీయాలు మాట్లాడే ముసలివారు, పెన్షన్ల కోసం నినాదాలిచ్చే చిన్న గుంపు, వారిని చూసీ చూడనట్టు నిలబడ్డ కాపలా భటులు. క్విటో ఎలాంటి ఊరో ఇక్కడ తెలిసినంతగా ఏ మ్యూజియంలోనూ తెలియదు.

భద్రత ఎలా ఉంది?

దాచకుండా చెప్పాలి. మాదకద్రవ్యాల ముఠాల హింస పెరిగి 2024 జనవరిలో ప్రభుత్వం దేశంలో అంతర్గత సాయుధ సంఘర్షణ ఉందని ప్రకటించింది. ఆ తరువాత కూడా పలుమార్లు అత్యవసర పరిస్థితి విధించారు. హింస ఎక్కువగా తీరప్రాంత నగరాల్లో ఉన్నా, ప్రయాణానికి ముందు తాజా పరిస్థితి చూసుకోవడం అవసరం. క్విటోలో యాత్రికులకు ఎదురయ్యే సాధారణ ముప్పు జేబుదొంగలే. ట్రాలీబస్సుల్లో, బజార్లలో సంచి ముందుకు వేసుకోండి. మీ మీద ఎవరో రంగునీళ్ళో సాసో చల్లి, మరొకరు తుడవడానికి వస్తే ఆగకుండా దగ్గరి దుకాణంలోకి వెళ్ళిపోండి. చీకటి పడ్డాక పాత నగరంలో లా రోండా వంటి జనసంచారమున్న వీధులు దాటి నడవకుండా, హోటలువారు పిలిచిన టాక్సీనో యాప్ టాక్సీనో వాడండి. అత్యవసర సహాయానికి 911.

పానెసియ్యో కొండకు నడిచి వెళ్ళవచ్చా?

వద్దు. పాత నగరం నుంచి పైకి వెళ్ళే మెట్ల దారిలో దోపిడీలు జరిగినట్టు చాలాకాలంగా హెచ్చరికలున్నాయి. టాక్సీ మాట్లాడుకుని, తిరిగి వచ్చేదాకా ఆగమనండి. కొండ మీద సుమారు ఏడువేల అల్యూమినియం ముక్కలతో 1970లలో నిర్మించిన రెక్కల మరియమ్మ విగ్రహం ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో మీరు చూసిన లెగార్దా బొమ్మకు ఇది మహారూపం. అందుకే ముందు చిన్నదాన్ని చూసి తరువాత పెద్దదాన్ని చూడమంటాను.

భూమధ్యరేఖ స్మారకం అసలు రేఖ మీద లేదంటారు, నిజమేనా?

నిజమే. నగరానికి ఉత్తరాన ఉన్న మితాద్ దెల్ ముందో దగ్గర 30 మీటర్ల స్మారకం, పసుపు గీత ఉన్నాయి. ఉపగ్రహ కొలతల ప్రకారం భూమధ్యరేఖ అక్కడికి సుమారు 240 మీటర్ల దూరంలో ఉంది. ఇందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు. భూమి ఆకారం తేల్చడానికి 1736లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లా కొందమీన్, బూగే, గొదాన్‌లు ఏళ్ళ తరబడి ఈ కొండల్లో చలికీ రోగాలకూ ఓర్చి చేసిన కొలతల వల్లనే, భూమి ధ్రువాల దగ్గర అణిగి నడుము దగ్గర ఉబ్బి ఉంటుందని రుజువుకు బలం చేకూరింది. పక్కనే ఉన్న చిన్న మ్యూజియంలో తొట్టి నీళ్ళు రేఖకు ఇటు ఒక దిక్కుగా, అటు మరొక దిక్కుగా సుళ్ళు తిరుగుతాయని చేసి చూపిస్తారు. సరదాగా చూడండి, నమ్మకండి. అంత చిన్న తొట్టిలో భూభ్రమణ ప్రభావం కనిపించదు, నీళ్ళు పోసే చేతిలోనే కిటుకుంది.

కేబుల్ కారు ఎక్కడం ఎంతవరకు మంచిది?

తెలెఫెరికో మిమ్మల్ని పిచించా అగ్నిపర్వతం వాలు మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. వచ్చిన రోజున, మర్నాడు కూడా ఎక్కకండి. మూడో రోజు ఉదయం, మబ్బులు కమ్మకముందే వెళితే 5,897 మీటర్ల కోతోపాక్సి మంచుశిఖరం కనిపించవచ్చు. అక్కడి నుంచి రూకు పిచించా శిఖరానికి నడక దారి ఉంది కానీ అది పర్వతారోహణ అలవాటున్నవారికే.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది, అడగడం తెలియాలి. ఇక్కడ బియ్యం రోజువారీ ఆహారమే కనుక అన్నానికి ముఖం వాచిపోరు. మధ్యాహ్నం చిన్న హోటళ్ళలో అల్ముయెర్సో అనే భోజనం ఉంటుంది: సూప్, అన్నంతో ఒక వంటకం, పండ్లరసం, మూడు నాలుగు డాలర్లు. మాంసం వద్దంటే కోడిమాంసం పెట్టవచ్చు. కాబట్టి "సిన్ కార్నె, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో" (మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పాలి. లోక్రో దె పాపా అనే చిక్కటి బంగాళాదుంప సూప్‌లో జున్ను, అవకాడో ముక్కలు వేస్తారు. చలి సాయంత్రం దీన్ని మించింది లేదు. కానీ కొన్నిచోట్ల మాంసపు రసంతో కాస్తారు, అడిగి తెలుసుకోండి. బంగాళాదుంప అట్లు యాపింగాచోలు, లేత మొక్కజొన్న రుబ్బి ఆకులో ఆవిరికి ఉడికించిన ఉమితాలు, అన్నంతో పాటు ఉడికించిన పప్పు మెనెస్త్రా చాలాచోట్ల ఉంటాయి. వేయించడానికి పందికొవ్వు వాడే అలవాటు ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కారం లేదని దిగులు పడనక్కర్లేదు. ప్రతి బల్ల మీదా ఆహీ గిన్నె ఉంటుంది. చెట్టు టమాటా, మిరపకాయలు కలిపి రుబ్బి, ఉల్లిపాయ, కొత్తిమీర వేసిన ఆ పుల్లటి కారం మన రోటి పచ్చడికి దగ్గరి చుట్టం. ఒక్కో హోటల్‌లో ఒక్కో ఘాటు.

డబ్బు ఏ రూపంలో తీసుకువెళ్ళాలి?

ఈక్వడార్ 2000లో సొంత కరెన్సీని వదిలి అమెరికా డాలరును స్వీకరించింది. 50, 100 డాలర్ల నోట్లు చిన్న దుకాణాల్లో ఎవరూ తీసుకోరు; ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లే ఉంచుకోండి. చిల్లరలో పసుపు రంగు డాలరు నాణెం వస్తే అనుమానించకండి: వీపున బిడ్డతో ఉన్న అమెరికా ఆదివాసీ మహిళ సకజవియా బొమ్మగల ఆ నాణేలు అమెరికాలో అరుదుగా కనిపిస్తాయి, ఇక్కడ మాత్రం చేతులు మారుతూనే ఉంటాయి. మంచి హోటళ్ళలో బిల్లు మీద పన్నుతో పాటు పది శాతం సేవారుసుము కలుపుతారు, వేరే టిప్పు తప్పనిసరి కాదు. విద్యుత్తు 120 వోల్టులు, రెండు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు.

పండుగల సమయంలో వెళ్ళవచ్చా?

వెళితే రెండు చూడదగినవి. గుడ్ ఫ్రైడే నాడు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరే ఊరేగింపులో ఊదారంగు అంగీలు, శంఖాకారపు ముసుగులు ధరించిన భక్తులు, బరువైన శిలువలు మోసేవారు గంటల తరబడి నడుస్తారు. ఆ వారంలో మాత్రమే వండే ఫనెస్కా సూప్‌లో పన్నెండు రకాల గింజలు, పప్పులు ఉంటాయి. గింజలు, పప్పులని విని శాకాహారమని అనుకోకండి, ఎండు చేప కూడా వేస్తారు. డిసెంబరు 6కు ముందు వారం నగర స్థాపన ఉత్సవాలు. హోటల్ గదులు ముందుగానే తీసుకోవాలి.

ఏం కొనుక్కోవచ్చు?

పనామా టోపీలని లోకం పిలిచేవి ఈక్వడార్‌వే. తోకియ్యా అనే గడ్డితో చేత్తో అల్లుతారు. అల్లిక ఎంత సన్నగా ఉంటే ధర అంత ఎక్కువ, వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే పనితనం తెలుస్తుంది. ఈ దేశపు కోకో గింజలకు మంచి పేరుంది, నల్ల చాక్లెట్లు తెచ్చుకోవచ్చు. లా క్రుస్ వెర్దే ప్రాంతంలో రాగి మూకుడును ఊపుతూ వేరుశనగ గింజల మీద పంచదార పాకం పట్టించే కొలసియోనెస్ మిఠాయి చేయడం నిలబడి చూసి, వేడిగా ఉండగానే కొనుక్కోండి. ఎత్తు ఇబ్బందికి మంచిదని అమ్మే కోకా ఆకులను, వాటి టీ పొట్లాలను మాత్రం సామానులో పెట్టుకుని రావద్దు. భారతదేశంలోనూ, మధ్యలో దిగే అమెరికాలోనూ అవి నిషిద్ధం.